మందుకు పోయే దారి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష ‘క్రియాటినిన్’ తెలుగు మాట అయిపోయి చాలాకాలమైంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో చదువురాని రోగులు కూడా తమ అంకె ఎంతో చెప్పగలరు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య బతికే ఆ మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి వెతికినా ఇదీ కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం తేలని జబ్బుకు మందు చెప్పేవాళ్లకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. ఆకుపసరు, కషాయం, చూర్ణం, పేరు రాయని పొట్లం, ఫోనులో తిరిగే వీడియో. ఇదంతా ఉద్దానానికే పరిమితమా అంటే కాదు. షుగరుతో, బీపీతో కిడ్నీలు దెబ్బతిన్న హైదరాబాదు మనిషికీ, అమెరికాలో ఉన్న ఆయన కొడుకు వాట్సాప్‌కీ చేరేవి అవే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మూలికా మందులు వాడొచ్చా అన్న మాట మీద ఇక్కడ ఒక మేనమామ, మేనకోడలు వాదించుకుంటారు. కామేశ్వరరావు సంస్కృతం చెప్పి రిటైరైన లెక్చరరు. సుభద్ర మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతుంది. మనుషులిద్దరూ కల్పితం, వాదాలు కావు. నేను తీర్పరి వేషం వేయను, నాది మేనకోడలి పక్షం. అయితే ఎదుటివాడి చేతులు కట్టేసి గెలిచేది కుస్తీ కాదు కనక, మావయ్యకు ఆయన బలమంతా ఇచ్చే రాశాను.

కామేశ్వరరావు: అమ్మా సుభద్రా, మీ ఇంగ్లీషు వైద్యం కిడ్నీ రోగితో అనేది ఒకటే మాట. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోండి అని. మూడు నెలలకోసారి రక్తం తీసి అంకె చెబుతారు. అంకె పెరిగితే ఉప్పు తగ్గించమంటారు. చివరికి వారానికి మూడుసార్లు డయాలసిస్ యంత్రం. ఇది వైద్యమా, వాయిదానా? మన పెరట్లో గలిజేరు ఉంది. ఒళ్లు నీరు పట్టినవాళ్లకు గలిజేరాకు పప్పు వండిపెట్టాలని మీ అమ్మమ్మకు ఎవరూ చదువు చెప్పలేదు. అటికమామిడిని మన శాస్త్రం పునర్నవ అంది, మళ్లీ కొత్తగా చేసేదని. రాళ్లకు కొండపిండి ఆకు ఉంది. కొండనైనా పిండి చేస్తుందని పేరులోనే పని చెప్పుకున్న మొక్క అది. మరోపక్క మీ డైక్లోఫెనాక్ బిళ్లలు మింగి కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో నాకంటే నీకే బాగా తెలుసు. చెరుపు చేసింది బిళ్లయితే అనుమానం ఆకు మీదా?

సుభద్ర: నొప్పి బిళ్లల సంగతి మీరన్నది నిజమే మావయ్యా, కాదనను. గలిజేరు మంచిదా చెడ్డదా అన్నది కూడా నా ప్రశ్న కాదు. మందుకు రాక ఒకటీ పోక ఒకటీ ఉంటాయి. ఏ మందైనా ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు అది ఒంట్లోకి ఎంత వస్తుందన్నదొకటే చూడరు, ఎంత వేగంగా బయటికి పోతుందో కూడా చూస్తారు. పోయే దారులు ముఖ్యంగా రెండు, కాలేయం, కిడ్నీ. గుండె పంపే రక్తంలో ఇంచుమించు ఐదో వంతు కిడ్నీలకే వెళుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడి కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుని, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదులుతాయి. ఆ వడపోత పదిహేను శాతానికి పడిపోయిన మనిషిలో నిన్నటి మోతాదు బయటికి పోకముందే ఇవాళ్టిది లోపలికి దిగుతుంది. ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకుల మీద ఇంగ్లండులో విలియం వితరింగ్ 1785లో పుస్తకం రాశాడు. నీరు పట్టిన ఒంటికి అదప్పుడు గొప్ప మూలిక. ఆ జాతి మొక్క నుంచే గుండెకు వాడే డిజాక్సిన్ వచ్చింది. అది చాలావరకు కిడ్నీ గుండానే పోతుంది కనక కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మోతాదు తగ్గిస్తాం, అవసరమైతే రక్తంలో ఎంత ఉందో కొలుస్తాం. చెట్టులోంచి వచ్చింది కదా అని దానికి మినహాయింపు ఇవ్వలేదు. మరి మీ కషాయానికి ఆ లెక్క ఎవరు వేశారు? అందులో ఏ పదార్థం ఎంత ఉంది, కిడ్నీ గుండా పోయేది ఎంత, పోకపోతే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు లేని మందు మంచిదే అయ్యుండొచ్చు. పోయే దారి మూసుకుపోతున్న మనిషికి మాత్రం దాన్ని ఇవ్వకూడదు. నా వాదమంతా ఇంతే.

కామేశ్వరరావు: నువ్వు చెప్పిన డిజాక్సిన్ చెట్టులోంచి ఒక్క రసాయనాన్ని పిండి తీసింది. ఆకు అలా కాదు. అందులో వంద ఉంటాయి, ఒకదాని ఉద్రేకాన్ని ఇంకొకటి తగ్గిస్తుంది. ఆ కూర్పు ప్రకృతి చేసింది, కంపెనీ చేసింది కాదు. పైగా నేను చెబుతున్నది వసనాభి గురించీ ముష్టి గింజల గురించీ కాదే. గలిజేరు, కొండపిండి మనం కూర వండుకుని తినేవి. తరతరాలుగా తిన్న కూర ఒక్కసారిగా విషం ఎలా అవుతుంది?

సుభద్ర: తిన్నవాడు మారితే అవుతుంది. కిడ్నీ రోగితో డాక్టరు అరటిపండు వద్దు, కొబ్బరి బొండాం వద్దు అనడం మీరు వినే ఉంటారు. బొండాంలో దోషమేముంది? ఒక పెద్ద బొండాంలో అర గ్రాము దాటే పొటాషియం ఉంటుంది. మీకూ నాకూ అది కొన్ని గంటల్లో మూత్రంలో పోతుంది. మనం తిన్న పొటాషియంలో దాదాపు తొంభై శాతాన్ని బయటికి పంపేది కిడ్నీలే. వాటికి ఆ శక్తి పోయినప్పుడు రక్తంలో 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సిన అంకె ఆరు, ఆరున్నర దాటుతుంది. గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. చాలాసార్లు అంతకుముందు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, హెచ్చరికే ఉండదు. ఇప్పుడు మీ పునర్నవకు రండి. అందులో పొటాషియం నైట్రేటు బాగా ఉంటుందనీ, మూత్రం ధారాళంగా రావడానికి ఆ లవణాలూ ఒక కారణమనీ మన దేశంలో జరిగిన పాత విశ్లేషణలే చెప్పాయి. అంటే ఒంటి నీరు లాగే గుణమూ, గుండెను ఆపగల ప్రమాదమూ ఒకే ఉప్పులో ఉన్నాయి. కిడ్నీ బాగున్నవాడికి మొదటిది దక్కుతుంది, కిడ్నీ పోయినవాడికి రెండోది మిగులుతుంది. రాళ్లు కరుగుతాయని తాగే అరటి దూట రసం కథా అదే. పైగా ఈ రోగి బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్ర వేసుకుంటూ ఉంటాడు. అది కిడ్నీని కాపాడే మందే, కాకపోతే పొటాషియాన్ని కొంచెం పెంచుతుంది. డాక్టరు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే రాస్తాడు. ఇంట్లో మరుగుతున్న కషాయం మాత్రం ఆయన లెక్కలో లేదు.

పొటాషియం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. కేరళలో ఇరుంబన్ పులి అని పుల్లటి కాయ ఉంది, బిలింబి అంటారు. చేపల కూరలో వేస్తారు, ఊరగాయ పెడతారు. కొలెస్ట్రాల్ తగ్గుతుందన్న నమ్మకంతో కొందరు రసం తీసి గ్లాసుల్లో తాగారు. కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిని ఆసుపత్రికి వచ్చిన అలాంటి పదిమంది గురించి అక్కడి ఐదు ఆసుపత్రుల డాక్టర్లు 2013లో రాశారు. ఏడుగురికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కాయలోని ఆక్సలేటు స్ఫటికాలై కిడ్నీ గొట్టాల్లో పేరుకుపోయింది. కూరలో వేసిన నాలుగు కాయలకీ గ్లాసు రసానికీ మధ్య తేడా అది. దాని దాయాది స్టార్ ఫ్రూట్ సంగతి ఇంకా విచిత్రం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు ఆ పండు తిని ఆగని ఎక్కిళ్లతో, మతి తప్పి, మూర్ఛలతో ఆసుపత్రిలో చేరిన సంగతులు బ్రెజిల్‌లోనూ తైవాన్‌లోనూ నమోదయ్యాయి. కొందరు చనిపోయారు. అందులోని విషాన్ని 2013లో వేరుచేసి కారాంబాక్సిన్ అని పేరు పెట్టారు. మామూలు మనిషి తిన్నా ఆ విషం ఒంట్లోకి వస్తుంది. కాకపోతే వచ్చిన దారినే ఆగకుండా మూత్రంలో పోతుంది. ప్రకృతి కూర్పు అన్నారే, ఆ కూర్పు మొక్క తన కోసం చేసుకుంది మావయ్యా, మన కిడ్నీల కోసం కాదు.

కామేశ్వరరావు: పండ్లూ కాయలూ సరే. శాస్త్రం చెప్పిన మందుల మాటేమిటి? మనవాళ్లు ఎలుకల మీద చూసి రాయలేదు, మనుషుల మీద, తరతరాలు చూసి రాశారు. ఉమ్మెత్త విషమని, గన్నేరు విషమని, ముష్టి ఎలా శుద్ధి చేయాలో అని అంత వివరంగా రాసినవాళ్లకు కిడ్నీని తినేసే మూలిక కంటపడకుండా పోతుందా? రెండు వేల ఏళ్ల అనుభవం కంటే పెద్ద ప్రయోగశాల ఏదీ?

సుభద్ర: గన్నేరును వాళ్లు ఎలా పట్టుకోగలిగారు? తిన్నవాడు ఆ పూటకే పడిపోయాడు కనక. గంటల్లో, రోజుల్లో చంపేదాన్ని అనుభవం పట్టుకుంటుంది. పదేళ్ల తరవాత చంపేది దానికి దొరకదు. ఆ పదేళ్లలో మనిషి వంద రకాలు తిని ఉంటాడు, చావుకీ ఆకుకీ ముడి వేసేవాడు ఉండడు. నేను ఊహించి చెబుతున్నది కాదు. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్ ఏళ్ల తరబడి మాత్రలు ఇస్తూ వచ్చింది. 1990లో వాటిలో రెండు చైనా మూలికలు కలిపింది. ఆ తరవాత నడివయసు కూడా దాటని ఆడవాళ్లు కిడ్నీలు ఎండిపోయి ఆసుపత్రులకు రావడం మొదలైంది. 1993లో సంగతి లాన్సెట్ పత్రికకు ఎక్కింది. చివరికి వందమందికి పైగా తేలారు. చైనా భాషలో హాన్ ఫాంగ్ చీ అనే మూలిక రావాల్సినచోట గ్వాంగ్ ఫాంగ్ చీ వచ్చింది. రెండోది అరిస్టలోకియా జాతిది, అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీ గొట్టాల కణాల్లోకి చొరబడి వాటి జన్యుపదార్థానికే అతుక్కుంటుంది. కథ అంతటితో ఆగలేదు. కిడ్నీలు పూర్తిగా పోయి, ముందు జాగ్రత్తగా వాటిని తీయించుకోవడానికి ఒప్పుకున్న 39 మందిలో 18 మందికి మూత్రనాళాల్లో కేన్సర్ ఉన్నట్టు 2000లో ప్రకటించారు. మాత్రలు మానేసి అప్పటికి ఏళ్లు గడిచాయి.

దీనికి మీ అనుభవం ఏమని జవాబు చెబుతుంది? చైనాలో ఆ జాతి మొక్కల్ని శతాబ్దాలుగా మందుగా వాడుతూనే వచ్చారు. తైవాన్‌లో 1997, 2003 మధ్య ఇంచుమించు మూడో వంతు జనాభాకు అరిస్టలోకిక్ ఆమ్లం ఉండగల మందులు రాసినట్టు బీమా రికార్డుల్లో బయటపడింది. 2003లో నిషేధించారు. ఇక బాల్కన్ దేశాల్లో, డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లో, కుటుంబాలకు కుటుంబాలే కిడ్నీలు పోగొట్టుకునేవి. 1950లలోనే డాక్టర్లు ఆ జబ్బును వర్ణించారు. నీళ్లన్నారు, లోహాలన్నారు, వంశపారంపర్యమన్నారు. గోధుమ పొలాల్లో కలుపుగా పెరిగే అరిస్టలోకియా గింజలు పిండిలో కలిసి రొట్టెలోకి వస్తున్నాయన్నది 2007 నాటి పరిశోధనతో గాని గట్టిపడలేదు. ఉద్దానం జబ్బు ఇలాంటిదేనని నేను అనడం లేదు, దానికి ఆధారం లేదు. రోజూ తినే రొట్టెలో ఉన్నదాన్ని కూడా తరాల అనుభవం పట్టుకోలేకపోయిందని మాత్రం అంటున్నాను. ఆ జాతి మనకు పరాయిది కూడా కాదు. పాము కరిస్తే వాడే ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అరిస్టలోకియాలే. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ఈ జాతి మూలికల్ని మనుషులకు కేన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో 2002లోనే చేర్చింది.

ఇంకో మాట. రెండు వేల ఏళ్ల ప్రయోగశాల అన్నారు, ఆ ప్రయోగశాలలో ఈ రోగి ఎప్పుడూ లేడు. పాతకాలంలో కిడ్నీలు పోయినవాడు చనిపోయేవాడు. పదిహేను శాతం కిడ్నీతో పదేళ్లు బతుకుతూ, రోజుకు ఏడెనిమిది మాత్రలు వేసుకునే మనిషి ఈ మధ్యే పుట్టాడు. ఎడతెగకుండా డయాలసిస్ చేసి మనిషిని ఏళ్ల తరబడి నిలబెట్టడం 1960లో సియాటిల్‌లో సాధ్యమైంది. మన దేశంలో కిడ్నీ మార్పిడి మొదటిసారి విజయవంతమైంది 1971లో, వెల్లూరులో. చరకుడైనా సుశ్రుతుడైనా చూడని మనిషి ఇతను. చూడని రోగికి వాళ్ల పేరుతో మోతాదు చెప్పడం వాళ్లకు మర్యాద కూడా కాదు.

సంవాదం ఇక్కడ ఆగి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది, ఈ చివరి వాదానికి మించింది తరవాత రాదు కనక. అయితే మావయ్య దగ్గర ఇంకా మంచి ప్రశ్నలే మిగిలాయి.

కామేశ్వరరావు: బ్రస్సెల్స్‌లో జరిగింది మూలిక తప్పు కాదు, మూలిక మారిపోవడం. ఒక సరుకు బదులు ఇంకో సరుకు అమ్మినవాడి పాపం వైద్యానికి అంటగడతావా? మీ మందుల్లో జరగలేదా? మన దేశంలో తయారైన దగ్గు సిరప్ గాంబియాలో డెబ్భైమంది దాకా పసిపిల్లల కిడ్నీలు ఆపేసిందని 2022లో ప్రపంచమంతా చదివింది. అప్పుడు అల్లోపతి మానేశామా?

సుభద్ర: మానలేదు, సిరప్‌ను పరీక్షకు పంపారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ ఉందని తేలింది, ఎంత ఉందో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సిరప్‌ల పేర్లు పెట్టి హెచ్చరించింది. అక్కడ జరిగింది నేరం, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ సీసాలో ఉండాల్సిందేమిటో ఒక కాగితం మీద రాసి ఉంది కనకే, లేనిదీ అదనంగా ఉన్నదీ పట్టుబడ్డాయి. మన గలిజేరుకు ఆ కాగితం ఉందా? ఒక ఊళ్లో తెల్ల గలిజేరు అన్నది ఇంకో ఊళ్లో వేరే మొక్క. అటికమామిడి బోయర్హావియా, గలిజేరు ట్రయాంథిమా, కుటుంబాలే వేరు. రెండూ పునర్నవ పేరుతో అమ్ముడవుతాయి, రెండోదానిలో ఆక్సలేటు ఎక్కువ. మీరు సంస్కృతం చదువుకున్నారు కనక పునర్నవ వేరు, వర్షాభువు వేరు అని చెప్పగలరు. సంతలో మోపు కట్టి అమ్మేవాడు చెప్పగలడా? సరుకు మారిపోవడం బ్రస్సెల్స్‌లో ప్రమాదమైతే మన సంతలో అది రోజువారీ వ్యవహారం.

ఇక చూర్ణాలు, భస్మాలు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దక్షిణాసియా నుంచి వచ్చిన 70 ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో తేలింది. ఇంటర్నెట్‌లో అమ్మే 193 మందుల మీద 2008లో వచ్చిన ఫలితమూ అదే, ఐదింట ఒకటి. లోహాలు వాడే రసశాస్త్రం ప్రకారం చేసినవాటిలో ఆ నిష్పత్తి దాదాపు రెట్టింపు. శోధనం, మారణం చేసిన భస్మం వేరని మీరంటారు, మీ మాటే నిజమనుకుందాం. ఈ సీసాలోది ఆ పద్ధతిలో చేసిందో కాదో రోగి ఎలా కనుక్కోవాలి? మన దేశపు డాక్టర్లు 2022లో ప్రచురించింది మన రోగుల కథే. మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోయే మెంబ్రేనస్ నెఫ్రోపతీలో ఒక ప్రత్యేక రకానికీ, పాదరసం ఉన్న సంప్రదాయ మందులకూ సంబంధం కనబడింది. ఆ మందులు మానిపిస్తే చాలామందిలో జబ్బు వెనక్కి తగ్గింది. మానితే తగ్గిందంటే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇదంతా అల్లోపతి కుట్ర అంటారేమో, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థే ఆయుష్ మందుల దుష్ఫలితాల నమోదును దేశమంతటా నడిపిస్తోంది. మీ శాస్త్రంవాళ్లు ఒప్పుకున్నదాన్ని మీరెందుకు ఒప్పుకోరు?

కామేశ్వరరావు: సరే, ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. కషాయం తాగాక క్రియాటినిన్ ఆరు నుంచి మూడుకు దిగిందని రిపోర్టులు పట్టుకుని చూపించేవాళ్లున్నారు. రిపోర్టు మీ ల్యాబుదే. అంకె అబద్ధమాడుతుందా?

సుభద్ర: అంకె నిజం, దానికి చెప్పే అర్థమే అబద్ధం. క్రియాటినిన్ కండరంలోంచి వచ్చే వ్యర్థం. అన్నం సయించక కండ కరిగిపోయిన మనిషిలో కిడ్నీ బాగుపడకపోయినా అది తగ్గుతుంది. విరేచనాలై నీరు తగ్గి కిడ్నీ దెబ్బతిన్నవాడికి నీరు పడగానే తనంతట తనే దిగుతుంది. ఇంకొకటి చూడండి. నాటు వైద్యుడు ముందుగా చెప్పే పథ్యం, ఇంగ్లీషు బిళ్లలన్నీ ఆపెయ్యమని. వాటితోపాటు నొప్పి బిళ్లలూ ఆగుతాయి, కిడ్నీకి ఊపిరి తిరుగుతుంది, పేరు ఆకుకు దక్కుతుంది. అదే దెబ్బలో బీపీ మాత్రా ఆగుతుంది. టెల్మిసార్టాన్ లాంటిది ఆపితే మొదట్లో క్రియాటినిన్ కాస్త తగ్గుతుంది కూడా. అది కిడ్నీ లోపలి ఒత్తిడి పెరిగినందుకు వచ్చిన తగ్గుదల, బాగుపడినందుకు కాదు. ఆ సంతోషానికి మూల్యం తరవాతి ఏళ్లలో చెల్లిస్తాడు. ఇక మూలికల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో స్టెరాయిడ్లు దొరకడం మామూలైపోయింది. తిన్న మూడో రోజుకే ఆకలి, హుషారు వస్తాయి, మందు పనిచేసిందంటారు. దిగనివాళ్లు రిపోర్టు పట్టుకుని ఎవరి దగ్గరికీ రారు, వీడియో తీయరు. డయాలసిస్ సెంటరుకు వస్తారు.

కిడ్నీ రాళ్లు, బ్రైట్స్ వ్యాధి నయం చేస్తామని ప్రకటించకూడదని 1954లోనే మన దేశం చట్టం చేసింది, డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. బ్రైట్స్ వ్యాధి అంటే కిడ్నీ జబ్బుకు పాత పేరు. అప్పట్లో యూట్యూబు లేదు, అంతే తేడా.

కామేశ్వరరావు: నీ లెక్కలన్నీ ఒప్పుకున్నా నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ డబ్బు తీసుకోకుండానే చేస్తారు, నిజమే. కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది, వారానికి మూడు రోజులు బస్సులో పోతాయి. ఆసుపత్రిలో డాక్టరు మూడు నిమిషాలు మాట్లాడతాడు, అందులోనూ తల ఎత్తడు. నాటు వైద్యుడు అరుగు మీద కూర్చోబెట్టి గంటసేపు వింటాడు, తగ్గుతుందని చెబుతాడు. నువ్వు ఆకు లాగేసుకుంటే ఆ మనిషి చేతిలో ఏం పెడతావు?

సుభద్ర: ఇది మీ వాదాలన్నిటిలో గట్టిది. దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. మూడు నిమిషాల తప్పు మాది. పసరు తాగుతున్నానని చెబితే కసురుకునే డాక్టరు దగ్గర రోగి రెండోసారి నిజం చెప్పడు, చెప్పని కషాయం చెప్పిన కషాయం కంటే ప్రమాదం. కానీ చేతిలో పెట్టడానికి ఏమీ లేదన్నది ఇప్పుడు నిజం కాదు. ఆపిల్ చెట్టు బెరడులోంచి 1835లో ఫ్లోరిజిన్ అనే పదార్థం తీశారు. మూత్రంలో చక్కెర పోయేలా చేసే గుణం దానికి ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు తాగమని ఎవరూ చెప్పలేదు. దశాబ్దాలపాటు దాని తీరు అర్థం చేసుకుని, రూపం మార్చి, డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చేశారు. కిడ్నీ జబ్బు ఉన్న 4,304 మంది మీద చూస్తే కిడ్నీ కూలిపోవడం, దానివల్లో గుండెవల్లో చనిపోవడం వంటి ముప్పులు కలిపి 39 శాతం తగ్గినట్టు 2020లో వెల్లడించారు. అదే ఏడు ఇక్కడ దాని మొదటి పేటెంటు గడువు తీరింది, ధర బాగా పడింది. ఇది కూడా చెట్టు ఇచ్చిన మందే మావయ్యా. చెట్టుకీ రోగికీ మధ్య కొలత అనే మెట్టు ఉంది, అంతే. గలిజేరు కూడా ఆ మెట్టు ఎక్కి వస్తే మొదట స్వాగతం చెప్పేది నేనే.

అప్పటిదాకా నేను చెప్పేది చిన్నది. కిడ్నీ బాగున్నవాళ్లు నెలకో రెండుసార్లు గలిజేరాకు పప్పు తింటే నాకు పేచీ లేదు. వడపోత తగ్గిన మనిషి రసంగా, కషాయంగా, పొడిగా ఏదీ డాక్టరుకు చెప్పకుండా తీసుకోకూడదు. బీపీ ఉన్నవాళ్లకు అతిమధురం కూడా పనికిరాదు, ఒంట్లో ఉప్పు నిలబెట్టి బీపీ పెంచుతుంది. కిడ్నీ మార్పిడి అయినవాళ్ల సంగతి ఇంకా సున్నితం. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస తింటే, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో పెరిగిపోగలదు. అదే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే విదేశీ మూలికైతే అలాంటిదే మరో మందు సైక్లోస్పోరిన్‌ను తగ్గించేసి, పెట్టిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించేలా చేసిన ఉదంతాలు 2000 నుంచే ఉన్నాయి.

కామేశ్వరరావు: జబ్బు మొదటి దశలో ఉన్నవాడికి కూడా శాస్త్రం తెలిసిన వైద్యుడు ఏమీ ఇవ్వకూడదంటే మాత్రం నేను ఒప్పుకోను. రోగి బలం చూసి మోతాదు నిర్ణయించమనే మా శాస్త్రమూ చెప్పింది. ఆ బలం కొలవడానికి మీ రక్తపరీక్ష ఒక సాధనమంటే కాదనను. వడపోత అంకె చూడకుండా కషాయం ఇచ్చేవాడు మా వైద్యుడూ కాడు. కానీ ఒక షరతు. మా సీసా మీ బల్ల మీద పెట్టినప్పుడు మీవాళ్లు నవ్వకూడదు.

సుభద్ర: నవ్వితే నాకు చెప్పండి మావయ్యా.

వాళ్ల వాదన తెగిందని నేను అనుకోవడం లేదు. మొదటి దశ సంగతి మీద ఇద్దరూ మళ్లీ తగువు పడతారు. ఈలోగా ఇది చదివేవాళ్ల ఇంట్లో కిడ్నీ రోగి ఎవరైనా ఉంటే ఒక్క పని చేయండి. వచ్చేసారి పరీక్షకు వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులతోపాటు ఆ కషాయం సీసాను, పేరు లేని ఆ పొడి పొట్లాన్ని కూడా సంచిలో వేసుకెళ్లండి. క్రియాటినిన్‌తోపాటు పొటాషియం కూడా రాయించుకోండి.